నలుగురూ కట్టిన న్యాయ గ్రంథాలయం

కేసు వాదించాలంటే ఒకప్పుడు ప్లీడరుగారి బీరువా నిండా పుస్తకాలుండాలి. ఇప్పుడా బీరువా సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది. దాన్ని నింపుతున్నది ఒక్క ప్రచురణ సంస్థే కాదు... న్యాయవాదులు, ఇంజినీర్లు, విద్యార్థులు, మామూలు జనం. ఇంతమంది పెట్టిన చెయ్యి ఎక్కడ అక్కరకొస్తోంది? ఎక్కడ ముంచుతోంది? కోనసీమ గట్టు మీద నిలబడి చూస్తే...

రాజోలు పక్కన ఓ కొబ్బరితోట ఉందనుకుందాం. తోటలోకి బండి వెళ్లాలంటే పక్క కమతం గట్టు మీంచే దారి. తాతల నాటి నుంచీ అలాగే నడుస్తున్నారు. ఓ రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే దారికి అడ్డంగా కంచె! దింపు తీయించిన కాయలేమో తోటలోనే రాశి పడి ఉన్నాయి. వ్యాపారి లారీ రోడ్డు మీద ఎదురుచూస్తోంది.

తోట యజమాని కొడుకు మస్కట్‌లో ఉంటాడు. తండ్రి ఫోన్ చేసి సంగతి చెబితే, ఓ గంటలో వాట్సప్‌లో జవాబు వచ్చింది.

''కంగారు పడకు నాన్నా. ఏదో లాయర్ల వెబ్‌సైట్‌లో చూశాను. ఇరవై ఏళ్లు నడిస్తే దారి మనదేనంట. ఎక్కడికీ పోదు.''

పెద్దాయన గుండె కుదుటపడింది. ఎక్కడికీ పోనిదానికి కోర్టు దాకా ఎందుకని పెద్దమనుషుల్లో పెట్టాడు. ఈ సంక్రాంతికి తేలుద్దాం, వచ్చే సంక్రాంతికి చూద్దాం అంటూ మూడేళ్లు దొర్లిపోయాయి. అప్పుడు రాజోలు కోర్టు దగ్గర ప్లీడరుగారి గడప తొక్కాడు.

''ఏమండీ ప్లీడరుగారూ, ఇరవై ఏళ్లు దాటితే హక్కొచ్చేస్తదంట కదండీ?''

''వస్తుందండీ. కానీ ఆ ఇరవై ఏళ్లు ఎప్పటికి పూర్తవ్వాలో రాశారా అందులో?''

రాయలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆటంకం లేకుండా, బాహాటంగా, హక్కుగా ఇరవై ఏళ్లు నడిచి ఉండాలి. ఆ ఇరవై ఏళ్ల కాలం దావా వేయడానికి ముందటి రెండేళ్లలోపు ముగిసి ఉండాలి. కంచె పడి మూడేళ్లయింది. ఆ సెక్షన్ కింద అడిగే అవకాశం చేతులారా జారిపోయినట్టే. ఇక పాత పంపకాల కాగితాలో, వేరే ఆధారమో వెతుక్కోవాలి.

వెబ్‌సైట్‌లో రాసింది అబద్ధం కాదు. సగం నిజం. మిగతా సగం ఖరీదు ఓ కొబ్బరితోట దారి.

ఇది ఊహించి చెప్పిన కథే. కానీ ఇలాంటి సగం నిజాలు ఇవాళ ప్రతి ఇంటి ఫోన్లోనూ తిరుగుతున్నాయి. అలాగని నలుగురూ కలిసి నింపే న్యాయ సమాచారాన్ని తోసిపుచ్చలేం. మన ప్లీడర్ల పని తీరునే అది మార్చేసింది మరి!

మైలాపూర్‌లో మొదలు

నలుగురూ రాయడం అనేది ఇంటర్నెట్‌తో పుట్టిన వింత అనుకుంటాం. మన న్యాయ రంగంలో దాని మూలాలు నూటముప్పై ఏళ్ల వెనకే ఉన్నాయి.

చట్టం అంటే పార్లమెంటు చేసిన శాసనం ఒక్కటే కాదు. ఆ శాసనానికి పెద్ద కోర్టులు చెప్పిన అర్థం కూడా చట్టమే. ఫలానా కేసులో హైకోర్టు ఇలా చెప్పింది అని చూపించగలిగిన ప్లీడరు మాటకు బలమెక్కువ. అందుకే ఆంగ్లేయుల ప్రభుత్వం 1875లో లా రిపోర్టుల చట్టం చేసి, హైకోర్టుల తీర్పుల్ని అచ్చు వేయించడం మొదలుపెట్టింది. అయితే అచ్చయ్యేవి ఎంపిక చేసిన కొన్నే. మిగతావి కోర్టు గదుల్లోనే ఉండిపోయేవి.

అప్పుడు మద్రాసులోని మైలాపూర్ వకీళ్లు కొందరు ఓ పని చేశారు. 1888 ప్రాంతంలో శనివారం శనివారం ఒకచోట చేరి కొత్త తీర్పుల మీద చర్చించుకునేవారు. ఆ సాటర్‌డే క్లబ్ ముచ్చట్లలోంచే 1891లో మద్రాస్ లా జర్నల్ పుట్టింది. తీర్పులు సేకరించినవారూ వకీళ్లే, వ్యాఖ్యలు రాసినవారూ వకీళ్లే, డబ్బు పెట్టి చదివినవారూ వకీళ్లే. చదివేవాళ్లే రాసేవాళ్లు కావడం అంటే అదే కదా!

కోనసీమకు ఆ సంగతి పరాయిది కాదు. 1954 దాకా అమలాపురం, రాజోలు, కొత్తపేట దావాల పెద్ద అప్పీళ్లన్నీ మద్రాసు హైకోర్టుకే వెళ్లేవి. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడింది. 1956 నవంబరులో అది హైదరాబాద్‌కు చేరింది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పనిచేస్తోంది. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య నేల మారలేదు గానీ, దాని పెద్ద కోర్టు చిరునామా మాత్రం మూడుసార్లు మారింది!

దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. 1954కు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఆంధ్రకు కూడా కట్టుబాటేనని 1955లో ఆంధ్ర హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చి చెప్పింది. అంటే రాజోలులో ఓ గట్టు తగాదా వాదించే ప్లీడరుకు మద్రాసు, గుంటూరు, హైదరాబాద్, అమరావతి... నాలుగు చోట్ల తీర్పులూ కావాలన్నమాట. ఆపైన సుప్రీంకోర్టు ఎలాగూ ఉంది. ఇవన్నీ పుస్తకాలుగా కొనాలంటే తరాల తరబడి పోగుచేసిన బీరువాలుండాలి. తాతా, తండ్రీ ప్లీడర్లయిన ఇంట్లో అవి ఉంటాయి. కొత్తగా నల్లకోటు తొడుక్కున్న రైతుకూలీ కొడుక్కి ఎక్కడి నుంచి వస్తాయి? జూనియర్‌గా చేరి సీనియర్ బీరువాలోంచి ఏఎల్‌టీ, ఏఎల్‌డీ సంపుటాలు దించి, విషయసూచికలు తిరగేసి, చీటీల మీద రాసుకోవడమే గతి. వాదనలో బలం పుస్తకాల బలాన్ని బట్టి ఉండేది.

ఒక ఇంజినీరు కట్టిన వంతెన

ఆ గోడకు పెద్ద గండి కొట్టింది ఓ ఇంజినీరు. పేరు సుశాంత్ సిన్హా. ఐఐటీ మద్రాసులో చదివి, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ పరిశోధన చేస్తుండగా 2008 జనవరిలో 'ఇండియన్ కానూన్' అనే వెబ్‌సైట్ ప్రారంభించాడు. కోర్టులు తమ సైట్లలో పెట్టిన తీర్పుల్నీ, శాసనాల్నీ ఒకచోటికి చేర్చి, ఏ తీర్పు ఏ సెక్షన్‌ని ప్రస్తావించిందో, ఏ తీర్పు ఏ పాత తీర్పు మీద ఆధారపడిందో కంప్యూటరే లంకె వేసేలా ఏర్పాటు చేశాడు. 'దారి హక్కు' అని కొడితే ఆ మాట వచ్చిన తీర్పులన్నీ వరసకడతాయి. వెతకడానికి పైసా కట్టక్కర్లేదు.

ఇలా ఎవరు పడితే వాళ్లు తీర్పులు పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, కోర్టు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, తీర్పుల్ని ఎవరైనా ప్రచురించుకోవచ్చని చెబుతోంది. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డీబీ మోదక్ మధ్య నడిచిన కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ గీతను ఇంకా స్పష్టంగా గీసింది. తీర్పు పాఠం జనం ఆస్తి. దానికి ప్రచురణకర్త సొంత బుర్ర పెట్టి రాసుకున్న హెడ్‌నోట్స్, అంటే తీర్పు సారాంశాలు మాత్రం ఆయన సొత్తు. గోదావరి నీళ్లు అందరివీ, తవ్వుకున్న బోదె ఎవరిది వాళ్లది అన్నట్టు!

తర్వాత కోర్టులే తలుపులు తెరిచాయి. 2015 సెప్టెంబరులో నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ జనానికి అందుబాటులోకి వచ్చింది. ఏ కోర్టులో ఎన్ని కేసులు, ఎన్నేళ్లుగా పెండింగ్‌లో ఉన్నాయో అందులో ఎవరైనా చూడొచ్చు. ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అనే 16 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో, కిందటిసారి ఏం జరిగిందో కనిపిస్తుంది. వాయిదా తేదీ కనుక్కోవడానికి కొత్తపేట దాకా బస్సెక్కి వెళ్లి గుమాస్తాగారి కోసం కాచుకుని కూర్చునే అవసరం తప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల సంపుటాలను 'ఈ-ఎస్‌సీఆర్' పేరుతో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది.

తలా ఒక చెయ్యి

కోర్టులు పెట్టేది మూలపాఠం. దాని చుట్టూ చేరే వివరణలు, ప్రశ్నలు, జవాబులు, దిద్దుబాట్లు మాత్రం వాడేవాళ్లవే. న్యాయవాదుల పనికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్లు తయారుచేసే లీగల్ టెక్నాలజీ రంగాన్ని గట్టిగా కదిలించింది ఇదే. అందులో గెలిచిన కథలున్నాయి, బోల్తాపడ్డవీ ఉన్నాయి.

అమెరికాలో 2003లో పమేలా జోన్స్ అనే పారాలీగల్ 'గ్రోక్‌లా' మొదలుపెట్టింది. పారాలీగల్ అంటే లాయరు దగ్గర కేసు పనుల్లో సాయపడే ఉద్యోగి. లైనక్స్ మీద హక్కుల విషయమై ఎస్‌సీఓ అనే కంపెనీ ఐబీఎంపై వేసిన దావాను ఆమె వివరించేది. చదివేవాళ్లలో ప్రోగ్రామర్లే ఎక్కువ. వాళ్లు ఊరుకోలేదు. కోర్టుకు వెళ్లి వాదనలు విని రాసి పంపారు. పాత ప్రోగ్రాములు తవ్వి సాక్ష్యాలు వెతికారు. లాయరుకు తెలియని కంప్యూటర్ సంగతులు ప్రోగ్రామరు చెప్పాడు, ప్రోగ్రామరుకు తెలియని కోర్టు సంగతులు ఆమె చెప్పింది. పదేళ్ల తర్వాత, 2013 ఆగస్టులో ఆమె దాన్ని ఆపేసింది.

మరో కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికా ఫెడరల్ కోర్టుల కాగితాలు చూడాలంటే 'పేసర్' అనే ప్రభుత్వ సైట్‌కు పేజీకి ఇంతని డబ్బు కట్టాలి. ఇప్పుడది పేజీకి 10 సెంట్లు. 2009లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక చిన్న ప్రోగ్రాం తయారుచేశారు. పేసర్ ఇంగ్లిషు అక్షరాల్ని తిరగేసి దానికి 'రీక్యాప్' అని పేరు పెట్టారు. దాన్ని కంప్యూటర్‌లో పెట్టుకున్న లాయరు ఎప్పుడైనా డబ్బు కట్టి ఓ కాగితం తెరిస్తే, దాని నకలు ఒకటి ఉచిత భాండాగారంలోకి చేరిపోతుంది. తర్వాతివాళ్లకు అది ఊరికే దొరుకుతుంది. ఒకరు మోసిన బిందెతో వీధి దాహం తీరినట్టే!

ఇక బోల్తా కథ. 2013లో 'కేస్‌టెక్స్ట్' అనే సంస్థ పుట్టింది. తీర్పులన్నీ ఉచితంగా పెడతాం, వాటి పక్కన లాయర్లే వ్యాఖ్యలు రాస్తారు అన్నది ఆలోచన. వినడానికి బాగుంది. కానీ రాసేవాళ్లు చాలినంతమంది రాలేదు. లాయరుకు గంటకింత లెక్క. పైగా తన దగ్గరున్న మంచి పాయింటును అందరికీ పంచితే రేపు ఎదుటి లాయరు దాన్నే పట్టుకొస్తాడు! దాంతో కేస్‌టెక్స్ట్ దారి మార్చుకుని కృత్రిమమేధ వైపు మళ్లింది. 2023లో థామ్సన్ రాయిటర్స్ సంస్థ దాన్ని 65 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. రీక్యాప్‌లో ఇచ్చేవాడికి శ్రమ లేదు. గ్రోక్‌లాలో అందరికీ ఒకే పట్టుదల. కేస్‌టెక్స్ట్‌లో రెండూ లేవు. జనం ఇవ్వరని కాదు, ఇవ్వడం తేలికవ్వాలి, లేదా ఇచ్చినందుకు తృప్తో పేరో మిగలాలి.

మన దగ్గర పేరు దగ్గరే చిక్కు. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన చెబుతోంది. పేరు, చిరునామా, అర్హతల వంటి కొన్ని వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చని 2008లో కొంత సడలించారు. ప్రశ్నలకు జవాబులిచ్చే సైట్లలో లాయర్లు ఓపిగ్గా సమాధానాలు రాస్తుంటారు. అది సేవా, ఖాతాదారుల కోసం వలా అన్నది గీత గీసి చెప్పడం కష్టం. లాయర్లకు రేటింగులిచ్చి, ధరలు కట్టి చూపించే ఆన్‌లైన్ సేవల మీద చర్య తీసుకోవాలని 2024 జులైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. లాయరుకు ఎక్కువ నక్షత్రాలు ఉన్నంత మాత్రాన ఆయన ఇచ్చిన సలహా మన కేసుకు సరిపోతుందన్న హామీ ఏమీ లేదు కదా!

పాత చీటీ, కొత్త తాళం

జనం రాసిన సమాచారంతో అతి పెద్ద ఇబ్బంది అబద్ధం కాదు, పాతబడిపోవడం. రాసినవాడు రాసి మర్చిపోతాడు. రాత మాత్రం అక్కడే ఉంటుంది.

ఓ పాత కేసు చూద్దాం. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా వాళ్లకు దగ్గరిదే. 1937 మార్చిలో పిఠాపురం దివాను దగ్గర నౌకరుగా చేసిన ఒకాయన, బాకీ డబ్బు కోసం బరంపురం వెళుతున్నానని భార్యకు చెప్పి రైలెక్కాడు. రెండ్రోజుల తర్వాత పూరీలో రైలు పెట్టెలో ఓ ఇనప ట్రంకు దొరికింది. అందులో ఆయన శవం! చనిపోయే ముందు భార్యతో అన్న ఆ మాట సాక్ష్యంగా పనికొస్తుందా అన్న ప్రశ్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. పనికొస్తుందని 1939 జనవరిలో లార్డ్ అట్కిన్ తీర్పు చెప్పాడు. అదే పాకాల నారాయణస్వామి కేసు. లా కాలేజీల్లో మరణ వాంగ్మూలం పాఠం చెప్పేటప్పుడు ఈ కేసు రాకుండా ఉండదు.

ఈ తీర్పు మీద ఇంటర్నెట్‌లో విద్యార్థులు రాసిన సారాంశాలు కొల్లలు. వాటిలో పాతవన్నీ 'సాక్ష్య చట్టం 32వ సెక్షన్' అనే చెబుతాయి. కానీ 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. అందులో ఇది 26వ సెక్షన్. అదేరోజు ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాయి. మన సినిమాల పుణ్యమా అని అందరికీ నోటికొచ్చిన 420 ఇప్పుడు 318. భార్యాబిడ్డల మనోవర్తికి ఆధారమైన 125 ఇప్పుడు 144. అలాగని పాత అంకెలు పూర్తిగా చెల్లిపోలేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే వర్తిస్తుంది. తేదీ లేని జవాబును నమ్ముకుంటే ఏ తాళానికి ఏ చెవో తెలియక తికమకపడాల్సిందే.

ఇప్పుడు ఇంకో సమస్య తోడైంది. జనం రాసిన ఈ రాతలన్నీ మేసి, అడిగినదానికి చకచకా జవాబు చెప్పే కృత్రిమమేధ యంత్రాలు వచ్చాయి. న్యూయార్క్‌లో ఓ విమాన ప్రయాణికుడి కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని సరిచూడకుండా కోర్టుకిచ్చారు. తీరా చూస్తే ఆ తీర్పులు అసలు లేనే లేవు! పేర్లు, నంబర్లు, జడ్జీల మాటలు అన్నీ యంత్రం అల్లినవే. 2023 జూన్‌లో కోర్టు వాళ్లకు 5 వేల డాలర్ల జరిమానా వేసింది. మనదేశంలో కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టులకు ఓ విధానమే ప్రకటించింది. తీర్పు నిర్ణయించడానికి కృత్రిమమేధను వాడకూడదన్నది అందులో ముఖ్యాంశం.

నలుగురూ ఇవాళ రాసిన తప్పును రేపు యంత్రం తడబడకుండా, మంచి భాషలో అప్పజెబుతుంది. రాసేవాళ్ల బాధ్యత అందుకే ఇదివరకటికన్నా పెరిగింది.

తెలుగులో ఏముంది?

ఇంతా చెప్పుకున్నాక అసలు ప్రశ్న. ఈ గ్రంథాలయంలో తెలుగు అర ఎంత? చాలా చిన్నది.

వాది, ప్రతివాది, దావా, జప్తు, వాయిదా, దస్తావేజు... ఈ మాటలు మన పల్లెల్లో చదువు రానివాళ్లకూ తెలుసు. కానీ హైకోర్టు తీర్పు వచ్చేది ఇంగ్లిషులో. గెలిచామో ఓడామో ప్లీడరుగారు చెబితే తెలుస్తుంది, ఎందుకు ఓడామో మాత్రం తెలియదు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు 'సువాస్' అనే అనువాద సాఫ్ట్‌వేర్ ప్రారంభించింది. మొదట్లోనే చేర్చిన తొమ్మిది భాషల్లో తెలుగు కూడా ఉంది. తీర్పుల తెలుగు అనువాదాలు కొన్ని ఇప్పుడు చదువుకోవచ్చు. అయితే అవి కక్షిదారు అర్థం చేసుకోవడానికే. అధికారికంగా చెల్లేది ఇంగ్లిషు ప్రతి మాత్రమే.

నలుగురూ కలిస్తే తెలుగులో ఏం చేయగలరో తెలుగు వికీపీడియా ఇప్పటికే చూపించింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన ఆ పని, జీతం లేని చేతుల మీదుగా లక్ష వ్యాసాలు దాటింది. ఊరి చరిత్ర రాసిన ఆ చేతులే 'దారి హక్కు అంటే ఏమిటి', 'కౌలు రైతుకు ఏ కాగితం ఉండాలి' అని కూడా రాయొచ్చు కదా! ఓ యువ న్యాయవాది వారానికొక్క తీర్పును ఊళ్లో పెద్దలకు అర్థమయ్యే తెలుగులో, తేదీతో, సెక్షన్‌తో, మూలపాఠం లంకెతో రాస్తే ఏడాదికి యాభై దాటతాయి. నలుగురు రాస్తే రెండొందలు.

రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. తీర్పులో మనుషులుంటారు. అత్యాచార బాధితుల పేరు, ఆనవాళ్లు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. కేసు కొట్టేశాక కూడా పేరు ఇంటర్నెట్‌లో వేలాడుతుంటే ఉద్యోగం దగ్గరా, పెళ్లి సంబంధం దగ్గరా ఇబ్బందే. నిర్దోషిగా బయటపడిన ఒకరి తీర్పును తొలగించమని 2024 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఇండియన్ కానూన్‌ను ఆదేశించింది. జులైలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. కోర్టు తలుపులు జనానికి తెరిచి ఉండాలా, మనిషి పరువు కాపాడాలా? రెండూ కావాల్సినవే.

పుస్తకాల బీరువాను అప్పుడే పాతసామాన్లవాడికి వేసేయకూడదని చెప్పే అనుభవం కోనసీమకే ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడింది. మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక కొన్ని రోజులపాటు సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇలాంటి ఉత్తర్వుల్ని ప్రభుత్వం ప్రచురించాలనీ, వాటిని కోర్టులో సవాలు చేయవచ్చనీ సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. కానీ నెట్ లేనప్పుడు ఆ తీర్పును ఫోన్‌లో చదివేదెలా? అచ్చు పుస్తకం ఉన్నవాడే అప్పుడు రాజు!

నమ్మే ముందు ఐదు ప్రశ్నలు

ఇంటర్నెట్‌లో కనిపించిన న్యాయ సలహాను పట్టుకుని అడుగు వేసే ముందు ఇవి చూసుకోవాలి.

* ఎప్పుడు రాశారు? తేదీ లేకపోతే పక్కన పెట్టేయడమే మంచిది. 2024 జులైకి ముందు రాసిన క్రిమినల్ సంగతులైతే సెక్షన్ల అంకెలు మళ్లీ చూసుకోవాలి.

* ఏ కోర్టు? వేరే రాష్ట్ర హైకోర్టు తీర్పు మన కోర్టులో వాదనకు పనికొస్తుంది గానీ, కచ్చితంగా పాటించాలని లేదు.

* తర్వాత ఏమైంది? పై కోర్టు ఆ తీర్పును కొట్టేసి ఉండొచ్చు. సారాంశం కాకుండా మూలపాఠం చూడాలి.

* గడువెంత? హక్కు ఉండటం ఒకటి, దాన్ని అడిగే గడువు మరొకటి. ఇరవై ఏళ్ల పక్కనే రెండేళ్లున్నట్టు.

* మన కేసు అదేనా? ఒక్క వాస్తవం మారినా జవాబు మారిపోతుంది.

ఇవేవీ తేలకపోతే 15100కు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ న్యాయ సేవల సంస్థ సహాయ నంబరు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవాళ్లకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరును పెడతారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీ దగ్గర అర్జీ ఇస్తే చాలు.

గోదావరికి వరదొస్తే లంకల్లో జనం చేసే పని కోనసీమలో అందరికీ తెలుసు. ఏటిగట్టు బలహీనంగా ఉన్నచోట ఊరంతా చేరి ఇసుక బస్తాలు వేస్తారు. ఎవరు ఎన్ని వేశారని లెక్కలుండవు. కానీ ఒక్క బస్తా చిరిగి ఉన్నా నీళ్లు అక్కడి నుంచే ఊరి మీద పడతాయి. అందుకే రాత్రంతా లాంతరు పట్టుకుని గట్టు మీద తిరిగేవాళ్లు కూడా కావాలి. న్యాయ గ్రంథాలయానికి బస్తాలు వేసే చేతులు చాలానే వచ్చాయి. ఇక కావాల్సింది లాంతరు పట్టేవాళ్లు.

మస్కట్ కొడుకు ఆ రోజు ఇంకొక్క మాట పంపి ఉంటే సరిపోయేది... ''ఎందుకైనా మంచిది, రేపే ఓసారి ప్లీడరుగార్ని కలువు నాన్నా.''